ఆకు రాలే వేళ అడవి నడక: పాలమూరు, నల్లగొండ, నల్లమల కొండల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాఘమాసం సగమయ్యాక మొదలుపెట్టి ఉగాది దాకా ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు), నల్లగొండ జిల్లాల అడవుల్లో, గుట్టల మీద నడవాలనుకునేవారు అడిగే ప్రశ్నలివి. అడవి అంటే పచ్చదనమేనని నమ్మి చాలామంది వానాకాలం దాకా ఆగుతారు. ఆ రోజుల అందం వేరు, కాదనను. కానీ ఈ నేల అడవిని అర్థం చేసుకోవాలంటే ఆకులు రాలి పూలు మాత్రమే మిగిలిన ఈ కొద్ది వారాలకు సాటి వచ్చే కాలం మరొకటి లేదు.

ఇక్కడ వసంతం ఎప్పుడు మొదలవుతుంది?

పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంత రుతువు. అడవి అంతకాలం ఆగదు. సంక్రాంతికి చలి చంకలెక్కుతుందనీ, శివరాత్రికి శివశివా అంటూ పోతుందనీ పెద్దలు చెప్పే మాటను దక్షిణ తెలంగాణలో అక్షరాలా చూడవచ్చు. శివరాత్రి దగ్గర పడేసరికి తెల్లవారుజామున పలచని చలి మిగులుతుంది, మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. మామిడి పూత పిందె కట్టే దశకు వస్తుంది. బూరుగ, మోదుగ పూయడం మొదలవుతుంది.

నడకకు మంచి రోజులు ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మధ్య వరకు. ఆ తర్వాత కూడా వెళ్లవచ్చు గాని ఉదయం తొమ్మిదిన్నరకల్లా నీడ చేరుకోవాలి. మార్చి రెండో వారానికి పాలమూరులో పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటడం మామూలే. నల్లమల పీఠభూమి మీద కొంచెం చల్లగా ఉంటుంది, ముఖ్యంగా ఫరహాబాద్ వైపు.

ఆకులన్నీ రాలిపోయాక అడవిలో చూడటానికి ఏముంటుంది?

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. జవాబు కాస్త పెద్దది.

మన అడవులు ఆకురాల్చే అడవులు. నేలలో తడి తగ్గేకొద్దీ చెట్లు ఆకుల గుండా పోయే నీటిని ఆదా చేసుకోవడానికి ఆకులను వదిలేస్తాయి. చిరుమాను, తెల్లమద్ది, టేకు, ఏగి, అందుగు ఒకదాని తర్వాత ఒకటి బోసిపోతాయి. ఎండిపోయాయని మనం అనుకునే ఆ చెట్లు నిజానికి పని మధ్యలో ఉంటాయి. కొన్ని కాయలను పండించి పొడి గాలికి వదులుతుంటాయి. ఏగి కాయ చుట్టూ గుండ్రటి రెక్క ఉంటుంది. కొమ్మ నుంచి విడివడి తిరుగుతూ తిరుగుతూ తల్లిచెట్టుకు దూరంగా వెళ్లి పడుతుంది. దారిలో ఆకులు అడ్డు లేవు కాబట్టే అది అంత దూరం వెళ్లగలుగుతుంది. మరికొన్ని చెట్లు ఆకులు లేని ఈ సమయంలోనే పూస్తాయి. పచ్చని ఆకుల మధ్య దాక్కోకుండా పువ్వు ఒంటరిగా కనిపిస్తే పక్షులు దూరం నుంచే గుర్తుపడతాయి.

ఇక మనకు కలిగే లాభం, చూపు సాగడం. వానాకాలంలో పది అడుగుల అవతల ఏముందో తెలియని లోయలో ఇప్పుడు వాగు ఎక్కడ మలుపు తిరిగిందో, కొండచరియలో పొరలు ఎలా పేర్చి ఉన్నాయో, అవతలి గట్టు మీద దుప్పులు ఎటు నడుస్తున్నాయో కనిపిస్తుంది. నల్లమల రాయికీ నల్లగొండ రాయికీ తేడా కూడా ఈ కాలంలోనే తేటగా తెలుస్తుంది. నల్లమలలో ఉన్నది పొరలు పొరలుగా పరచుకున్న అవక్షేప శిల. అందుకే అక్కడ కొండల తలలు చదునుగా, అంచులు నిట్టనిలువుగా ఉంటాయి. నల్లగొండ, పాలమూరు మైదానాల్లో ఉన్నవి గ్రానైటు గుట్టలు. గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి ఎవరో నిలబెట్టినట్టుంటాయి.

తర్వాత చిగుళ్లు. రావి చెట్టు పాత ఆకు రాల్చిన కొద్ది రోజులకే రాగి రంగు లేత ఆకు తొడుగుతుంది. ఉదయపు ఎండ వెనక నుంచి పడితే ఆ ఆకులో ఈనెలన్నీ కనిపిస్తాయి. ఒక్క రావి చెట్టు కింద పావుగంట నిలబడండి, చాలు. ఆ పావుగంట తీరిక లేనివారికి ఈ కాలపు అడవి ఏమీ ఇవ్వదు.

ఏ చెట్టు ఏదో ఎలా గుర్తుపట్టాలి?

మోదుగతో మొదలుపెట్టండి, ఎందుకంటే రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. వంకర కొమ్మల నిండా కాషాయపు ఎరుపు. పువ్వును అరచేతిలో పెట్టుకుని చూడండి. చిలుక ముక్కులా వంగిన రేకు, దాని మీద వెండి నూగు, అడుగున ముదురు గోధుమ నలుపు రంగులో ముఖమల్ లాంటి తొడిమ గిన్నె. మొగ్గ దశలో ఆ నల్లని గిన్నెలు మాత్రమే కనిపిస్తాయి, కొమ్మ కాలిపోయిందా అనిపిస్తుంది. వాసన ఉండదు, తేనె మాత్రం దండిగా ఉంటుంది. గోరింకలు, తేనెపిట్టలు, చిలుకలు తెల్లవారగానే వచ్చి వాలతాయి. ఒక పూసిన మోదుగకు ఇరవై అడుగుల దూరంలో కదలకుండా కూర్చుంటే పక్షుల కోసం వేరే ఎక్కడికీ పోనక్కరలేదు. ఈ పూలను ఉడకబెట్టి తీసిన రంగే ఒకప్పుడు మన ఊళ్లలో హోలీ రంగు. మూడేసి ఆకులతో వచ్చే చిగుర్లు ముదిరాక విస్తళ్లు కుడతారు.

బూరుగ పొడవైన చెట్టు, మొదలు మీద ముళ్లు, అడ్డంగా చాచిన కొమ్మలు. దాని పువ్వు బరువైనది. మందమైన అయిదు ఎర్ర రేకులు. నేల మీద పడితే చప్పుడు వినిపిస్తుంది. రాలిన పూలను దుప్పులు తింటాయి, అందుకే బూరుగ కింద మెత్తటి మట్టిలో గిట్టల గుర్తులు వెతకండి.

కొండగోగు పసుపు. రాతి వాలుల మీద ఒక్క ఆకూ లేని కొమ్మల చివర అరచేయంత పసుపు పువ్వులు. దూరం నుంచి చూస్తే బండకు ఎవరో పసుపు రాసినట్టుంటుంది.

తపసి చెట్టును మాత్రం పూలతో కాదు, మానుతో గుర్తుపట్టాలి. తెల్లగా, నున్నగా, కాగితపు పొరలు లేస్తూ, కొండ అంచున ఒంటరిగా నిలబడి ఉంటుంది. వెన్నెల రాత్రి చూసినవారు మరిచిపోరు. దాని నుంచి వచ్చే జిగురును చెంచులు సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. ఒకప్పుడు జిగురు కోసం మానును గొడ్డలితో లోతుగా నరకడంతో చాలా చెట్లు చచ్చిపోయాయి. చిన్న గాటు పెట్టి తీసే పద్ధతి తర్వాత వచ్చింది. పాత మచ్చలు కనిపిస్తే ఒకసారి ఆగి చూడండి. ఆ చెట్టు ఎంత ఓర్చుకుందో తెలుస్తుంది.

ఇప్పపూల కోసం మార్చి చివరిదాకా ఆగాలి. అవి తెల్లవారుజామున రాలతాయి. మీగడ రంగులో, మెత్తగా, తియ్యటి మత్తు వాసనతో ఉంటాయి.

ఎక్కడ నడవాలి?

ఎవరు నడుస్తున్నారనే దాన్ని బట్టి ఉంటుంది.

అడవే కావాలంటే నల్లమల. నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట దాటి మన్ననూరు చేరితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు, కొంత భాగం నల్లగొండ జిల్లాలోకీ వస్తుంది. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వచ్చిన భాగమిది. మన్ననూరు నుంచి అటవీశాఖ వాహనంలో ఫరహాబాద్ వ్యూ పాయింట్‌కు తీసుకెళ్తారు. కొండ అంచున నిలబడితే కింద మైదానం, చెరువులు, ఊళ్లు పరచుకుని కనిపిస్తాయి. శాఖవారు అనుమతించిన దారుల్లో, వారి మనిషి వెంట ఉండగా కాలినడక కూడా చేయవచ్చు.

అడవీ కావాలి, గుడీ కావాలి అనేవారికి రంగాపురం దగ్గరి ఉమామహేశ్వరం నా మొదటి సలహా. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పేరున్న క్షేత్రమిది. ముందుకు వంగిన పెద్ద కొండచరియ నీడలో గుడి ఉంటుంది. ఆ చరియ నుంచి ఊరే నీరు పాపనాశనం అనే గుండంలో చేరుతుంది. బయట బండలు వేడెక్కిన రోజున కూడా చరియ కింద గాలి చల్లగా ఉంటుంది. సంక్రాంతి జాతర జనం వెళ్లిపోయాక ఫిబ్రవరిలో ఇక్కడ ప్రశాంతంగా ఉంటుంది. వాహనం పైదాకా పోతుంది, కానీ కింద ఆపి ఘాట్ దారిలో నడిచి ఎక్కడమే మేలు.

చరిత్ర ఇష్టమైనవారికి నల్లగొండ వైపు రాచకొండ, దేవరకొండ. రెండూ రేచర్ల పద్మనాయకుల కోటలు. 14వ శతాబ్దంలో రాచకొండ వారి రాజధాని. రసార్ణవసుధాకరం అనే అలంకారశాస్త్ర గ్రంథం రాసిన సర్వజ్ఞ సింగభూపాలుడు ఏలిన చోటు. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. సున్నం లేకుండా పేర్చిన పెద్ద రాళ్ల గోడలు, ఒకదాని వెనక ఒకటి వచ్చే ద్వారాలు, మధ్యలో సీతాఫలం పొదలు. ఈ పొదలు అక్టోబరులో దారి మూసేస్తాయి. ఫిబ్రవరిలో ఆకు రాల్చి గోడలను బయటపెడతాయి. కోట ప్లాను అర్థం కావాలంటే ఇప్పుడే వెళ్లాలి. దేవరకొండ కోట కొండల నడుమ పెద్ద విస్తీర్ణంలో ఉంటుంది, ఒక్క పూటలో మొత్తం చూసేయాలని ఆశపడవద్దు.

భువనగిరి వేరే కథ. ఒకే ఏకశిల, దాని మీద చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో నిలిచిన కోట. హైదరాబాద్ నుంచి రైల్లో వెళ్లి రావచ్చు. నీడ మాత్రం లేదు. తెల్లవారగానే ఎక్కి, బండ వేడెక్కకముందే దిగాలి.

పాలమూరు పట్టణం పక్కనే మన్యంకొండ ఉంది. మాఘమాసంలో వెంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలు జరుగుతాయి, ఆ రోజుల్లో నడక కన్నా జాతరే ఎక్కువ. కోయిలకొండ, ఖిల్లా ఘనపురం కోటల మీదికి పశువుల కాపరుల దారులున్నాయి. ఊళ్లో ఎవరినైనా అడిగితే పైదాకా దారి చెబుతారు, ఒక్కోసారి వెంట వస్తారు కూడా. కొల్లాపూర్ వెళ్తే సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున నడవండి. దారి పొడవునా పిందె దశలో ఉన్న మామిడి తోటలు.

పులుల అభయారణ్యంలో మా అంతట మేము నడవవచ్చా?

నడవకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం నేరం. ఫోనులో ఎవరో పెట్టిన దారి పటం చూసుకుని శ్రీశైలం రోడ్డు పక్కన కారు ఆపి లోపలికి దిగేవారు ఉంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. మన్ననూరులో అటవీశాఖ కార్యాలయం, బస, సఫారీ అన్నీ ఉన్నాయి. ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. జులై నుంచి సెప్టెంబరు చివరిదాకా అభయారణ్యాన్ని సందర్శకులకు మూసేస్తారు.

రోడ్డు విషయంలో మరో సంగతి. మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. జంతువులు రోడ్డు దాటే సమయమది. తెల్లవారుజామున నడక మొదలుపెట్టాలనుకునేవారు ముందు రోజు సాయంత్రమే మన్ననూరు చేరి అక్కడే పడుకోవాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ లోపలికి తేకూడదు. రోడ్డు పక్క కోతులకు అరటిపళ్లు, బిస్కెట్లు వేయకూడదు. వాటి మీద దయతోనే వేస్తారని తెలుసు. కానీ అలా వేసినందువల్లే అవి రోడ్డు మీదికి వచ్చి చక్రాల కింద పడుతున్నాయి.

వెంట చెంచులు ఉండటం అవసరమా?

నియమం సంగతి పక్కన పెట్టినా అవసరమే. నల్లమల వాళ్ల ఇల్లు. వాళ్ల గూడేలను పెంటలంటారు. అప్పాపూర్ పెంట, రాంపూర్ పెంట, మేడిమల్కల అలాంటివే. అడవిలో మనకు చెట్లు కనిపించే చోట వాళ్లకు నిన్న రాత్రి జరిగినదంతా కనిపిస్తుంది. మెత్తటి దుమ్ములో గీసుకుపోయిన గుర్తు చూసి ఎలుగు చెదపుట్ట తవ్విందనీ, అది తెల్లవారుజామున వెళ్లిందనీ చెబుతారు. ఆ మట్టి ఇంకా తడిగా ఉందా, పొడిబారిందా అన్నది వాళ్లు వేలితో తాకి చూస్తారు. మన కళ్లకు ఆ గుర్తు ఉన్నట్టే తెలియదు. కొండచరియకు తీగల నిచ్చెనలు వేసి తేనె తీసే నేర్పు ఇప్పటికీ వాళ్ల దగ్గరుంది. తీసేటప్పుడు తుట్టెలో కొంత భాగం వదిలేస్తారు.

పెంటలోకి వెళ్లినప్పుడు అడగకుండా ఫోటోలు తీయవద్దు. పిల్లలకు చాక్లెట్లు పంచవద్దు. వెంట వచ్చినవారికి మాట్లాడుకున్న కూలి పూర్తిగా, వేళకు ఇవ్వండి. వయసులో పెద్దవారిని "మీరు" అని పిలవండి. పట్నం నుంచి వచ్చి ముసలివారిని ఏకవచనంలో పిలిచేవారిని చూస్తే కోపం వస్తుంది. తేనె, చింతపండు కొనాలనుకుంటే బేరమాడకుండా వాళ్ల దగ్గరే కొనండి.

జలపాతాల్లో నీళ్లుంటాయా?

మల్లెలతీర్థంలో సన్నటి ధార ఉంటుంది. వటవర్లపల్లి దగ్గర ప్రధాన రహదారి నుంచి లోపలికి వెళ్లి, మూడు వందలకు పైగా మెట్లు దిగాలి. వానాకాలపు హోరు ఆశించి వెళ్తే నిరాశ పడతారు. నీరు తగ్గినప్పుడు గోడ మీది నాచు, వేళ్లు, గూళ్లు కనిపిస్తాయి. దిగడం తేలిక, ఎక్కడం కష్టం. మోకాళ్ల నొప్పులున్నవారు దిగకపోవడమే మంచిది.

వాగులు చాలావరకు ఇసుకగా మారి ఉంటాయి. ఆ ఇసుకలో అక్కడక్కడ చెలమలు. చుట్టూ ఉన్న అడుగుల గుర్తులు చూడవచ్చు గాని చెలమ దగ్గర కూర్చోవద్దు. మీరు అక్కడున్నంతసేపు ఏ జంతువూ దాహం తీర్చుకోదు. అడవిలో జంతువుల కోసం సిమెంటుతో కట్టిన నీటి గుంటలు, సాసర్ పిట్లు కనిపిస్తాయి. వేసవిలో అటవీ సిబ్బంది వాటిని ట్యాంకర్లతో, సౌర పంపులతో నింపుతారు. వాటిలో చేతులు, ముఖం కడుక్కోవద్దు.

సలేశ్వరం ఇప్పుడు వెళ్లవచ్చా?

లేదు. చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లో మాత్రమే అనుమతిస్తారు. లోతైన లోయలో, జలధార పక్కన గుహలో లింగమయ్య కొలువున్నాడు. చివరి కిలోమీటర్లు రాళ్ల మీద దిగే నడకే. అప్పటికి ఎండలు ముదిరి ఉంటాయి, జనం వేలల్లో వస్తారు. "వస్తున్నాం లింగమయ్యా" అంటూ దిగే ఆ జనంలో కలిసి నడవడం గొప్ప అనుభవమే, కానీ అది యాత్ర. అడవిని నిదానంగా చూసే నడక కోసం ఆ రోజులు ఎంచుకోవద్దు.

పులి ఎదురైతే? ఎలుగుబంటి ఎదురైతే?

పులి మనిషిని చూడకముందే వినేసి తప్పుకుంటుంది. పాదముద్రలు, చెట్టు మీద గోళ్ల గీతలు కనిపిస్తే అదృష్టం. చిరుత కూడా అంతే. ఎదురుపడితే వంగవద్దు, కూర్చోవద్దు, పరుగెత్తవద్దు. ముఖం దాని వైపే ఉంచి మెల్లగా వెనక్కి అడుగు వేయాలి.

ఎలుగుబంటి గురించే జాగ్రత్త ఎక్కువ కావాలి. దానికి చూపు, వినికిడి అంత చురుకు కాదు. తిండి మీద ధ్యాసలో పడి మనల్ని చాలా దగ్గరికి వచ్చేదాకా గమనించదు, గమనించగానే బెదిరి మీద పడుతుంది. నల్లమలలోనే కాదు, కోటలున్న గ్రానైటు గుట్టల బండల సందుల్లో కూడా ఉంటుంది. అందుకే పొదలు దట్టంగా ఉన్న మలుపుల్లో, బండల మధ్య సందుల్లో మాట్లాడుకుంటూ, కర్ర నేలకు తాటిస్తూ నడవండి. చీకటి పూట గుహల్లోకి తొంగి చూడవద్దు. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఇప్పచెట్ల కిందికి వెళ్లవద్దు. దాడి తప్పనప్పుడు బోర్లా పడుకుని మెడ వెనక చేతులు అల్లుకుని ముఖం కాపాడుకోవాలి.

చుక్కల దుప్పి, కణితి, మనుబోతు, అడవిపంది కనిపించే అవకాశం ఎక్కువ. తలెత్తి కూడా నడవండి, బెట్టుడుత ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు దూకడం ఆకులు లేని కాలంలో స్పష్టంగా కనిపిస్తుంది. మార్చిలో పాలపిట్ట మగది ఆకాశంలోకి ఎగిరి, దొర్లుతూ కిందికి జారుతుంది. రెక్కల్లోని నీలాలన్నీ ఆ కొద్ది క్షణాల్లోనే కనబడతాయి. మన రాష్ట్ర పక్షిని దసరా రోజున పంజరంలో చూసి మొక్కేవారు ఈ విన్యాసాన్ని ఒక్కసారి చూడాలి.

పాములు?

చలి తగ్గగానే బయటికి వస్తాయి. ఉదయపు ఎండలో బండ మీద పడుకుంటాయి. ఎండుటాకుల్లో రక్తపింజరి ఉన్నా కనిపించదు. చేయి పెట్టే చోటు, కాలు పెట్టే చోటు కంటితో చూసి పెట్టాలి. దుంగ దాటేటప్పుడు ముందు దాని మీద అడుగు వేసి అవతల చూసి దిగాలి. చీలమండ దాటే బూట్లు వేసుకోవాలి.

కాటు పడితే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, ఆకు పసర్లు, మంత్రాలు ఏవీ వద్దు. కాటు పడిన కాలు కదలకుండా కర్ర ఆనించి వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆస్పత్రికి చేర్చాలి. 108కి ఫోను చేయండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ఒకటే. కాబట్టి ఏ పామో తెలుసుకోవడానికి దాన్ని వెంటాడి చంపనక్కరలేదు.

దూలగొండి అంటే భయపెడుతున్నారు, నిజంగా అంత ప్రమాదమా?

ప్రాణాపాయం కాదు, కానీ రోజంతా పాడవుతుంది. ఈ కాలంలోనే దాని కాయలు ఎండి ఉంటాయి. తీగకు గుత్తులుగా వేలాడే, కొక్కెంలా వంగిన కాయలు. పైన బంగారు గోధుమ రంగు నూగు మెరుస్తూ ముద్దొస్తుంది. ఆ నూగే అసలు శత్రువు. తాకనక్కరలేదు, గాలి వీస్తే చాలు, ఎగిరి మెడ మీద వాలుతుంది. గోకితే ఇంకా లోపలికి గుచ్చుకుంటుంది. బట్టలు మార్చి, అతుక్కునే టేపును చర్మం మీద అంటించి లాగాలి. తర్వాతే నీళ్లతో కడగాలి. ఆ బట్టలు వేరే సంచిలో పెట్టండి.

కొండచరియలకు పెద్ద తేనెటీగల తుట్టెలు వేలాడుతుంటాయి. వాటి కింద పొగ, అత్తరు, కేకలు, డ్రోను ఏవీ కూడదు. లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తాలి, నీళ్లలో దూకి దాక్కుందామనుకోవద్దు. పశువులు తిరిగే చోట పిడుదులు పడతాయి. ఇంటికొచ్చాక చంకలు, మోకాలి వెనక భాగం చూసుకోండి.

నిప్పు గురించి ఎందుకంత కఠినంగా చెబుతారు?

ఎందుకంటే ఫిబ్రవరి నుంచి మే వరకు అడవి నేలంతా ఎండుటాకు. మడమ కింద గలగలమనే ఆ పొర ఒక్క బీడీ ముక్కతో అంటుకుంటుంది. మన అడవుల్లో మంటలు దాదాపు అన్నీ మనుషుల వల్లే వస్తాయి. రోడ్డు మీద విసిరిన సిగరెట్టు, ఆర్పకుండా వదిలిన పొయ్యి, ఇప్పపూలు ఏరడానికి వీలుగా చెట్టు కింద పెట్టిన నిప్పు. పెద్ద చెట్లు చాలావరకు తట్టుకుంటాయి. కాలిపోయేది ఆ ఏడు మొలిచిన మొక్క, నేల మీద గూడు కట్టిన పిట్ట, పాకే తాబేలు. ఏటా కాలిన చోట ముసలి చెట్లు మాత్రమే మిగిలి, వాటి తర్వాత రావలసిన తరం ఉండదు. అలాంటి వాలును ఒకసారి చూసినవారు అగ్గిపెట్టెను జేబులో పెట్టుకుని అడవిలోకి వెళ్లలేరు.

కాబట్టి వంట వద్దు, చలిమంట వద్దు, పొగ తాగడం వద్దు. దారి పక్క శుభ్రంగా ఊడ్చిన పట్టీలు కనిపిస్తే అవి మంట దాటకుండా సిబ్బంది తీసిన ఫైర్ లైన్లు. వాటి మీద చెత్త వేయవద్దు.

మంట కనిపిస్తే వెంటనే అటవీ సిబ్బందికి చెప్పండి. వాలు పైకి పరుగెత్తవద్దు, మంట పైకే వేగంగా పాకుతుంది. గాలికి అడ్డంగా పక్కకు జరిగి, బండ పరుపు మీదికో, వాగు ఇసుకలోకో, అప్పటికే కాలి చల్లారిన నేల మీదికో చేరండి.

ఏం తీసుకెళ్లాలి?

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, స్టీలు సీసాల్లో. దారిలో దొరుకుతాయిలే అనుకోవద్దు. పులిహోర, సద్దరొట్టె, పల్లీలు, బెల్లం, చిటికెడు ఉప్పు కలిపిన మజ్జిగ ఈ ఎండకు సరిపోతాయి. పొడుగు చేతుల నూలు చొక్కా, మట్టి రంగు బట్టలు, టోపీ లేదా తలపాగా, కర్ర, టార్చి, విజిల్. లోపల ఫోను సిగ్నల్ చాలాచోట్ల అందదు. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో చెక్‌పోస్టులోనో ఊళ్లోనో చెప్పి వెళ్లండి.

మార్చిలో మధ్యాహ్నం మబ్బు పట్టి అకాల వాన, వడగళ్లు పడవచ్చు. ఉరుము వినగానే కొండ కొస నుంచీ, ఒంటరి చెట్టు కింద నుంచీ దిగిపోవాలి.

పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లగలమా?

తప్పకుండా. పాలమూరు పక్కన పిల్లలమర్రి ఉంది. సుమారు మూడెకరాల మేర ఊడలు దిగి విస్తరించిన మర్రి, ఏడు వందల ఏళ్ల నాటిదని చెబుతారు. 2018లో చెదలు పట్టి పడిపోతుంటే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి కాపాడారు. అప్పన్నపల్లి దగ్గరి అటవీ పార్కులో చదునైన దారులున్నాయి. పదేళ్లలోపు పిల్లలకు రెండు కిలోమీటర్లు చాలు. దూరం కొలవడం నేర్పకండి, రాలిన మోదుగ పూలు ఏరి గుండ్రంగా పేర్చమనండి. ఒక్కో పిల్లకు ఒక్కో చెట్టు అప్పగించి, ఎవరెవరు వచ్చి వాలారో చూసి చెప్పమనండి.

పూలు, జిగురు, కొమ్మలు ఇంటికి తెచ్చుకోవచ్చా?

అభయారణ్యంలో ఏదీ తేకూడదు, రాలిన దుప్పి కొమ్ము కూడా. బయట ఊరి గుట్టల మీద రాలిన మోదుగ పూలు గుప్పెడు తెచ్చుకుంటే తప్పు లేదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున మరిగించి వడగట్టండి. పసుపు కలిసిన నారింజ రంగు వస్తుంది. కొంచెం సున్నం తగిలితే ఇంకా ముదురుతుంది, పిల్లల మీద చల్లాలనుకుంటే సున్నం కలపవద్దు. చెట్టు మీది కొమ్మలు విరవకండి.

కుక్కను వెంట తీసుకెళ్లవచ్చా?

అభయారణ్యంలోకి కూడదు. పెంపుడు కుక్కల నుంచి అడవి జంతువులకు రోగాలు సోకుతాయి, కుక్క వాసన చిరుతను దగ్గరికి రప్పిస్తుంది. ఊరి గుట్టల మీదికైతే టీకాలు వేయించిన కుక్కను, గొలుసు వదలకుండా, మేకల మందలకు దూరంగా తీసుకెళ్లండి. తొమ్మిది దాటాక బండ మీద నడిపించవద్దు, దాని పాదాలు కాలతాయి.